బెత్తెడు బంట్లు

ధూమ్రకేశుడి కోట చూడ్డానికి బాగుంటుంది. దుర్మార్గుల ఇళ్ళు చాలావరకు బాగానే ఉంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. నల్లగిరి శిఖరాన్ని ఒకే రాయిగా తొలిచి కట్టిన ఆ కోటకు తొమ్మిది బురుజులు, బురుజుకొక రంగు గాజుకప్పు. పొద్దు పొడవగానే తూర్పు బురుజు నుంచి పగడపు వెలుగు జారి మెట్లన్నీ తడుపుతుంది. మధ్యాహ్నానికి కందకం నీళ్ళ మీద పచ్చల కాంతి పరుచుకుంటుంది. సాయంకాలం కెంపులు కుప్పబోసినట్టు పడమటి గోడ మండిపోతుంది. ఆ రంగురంగుల వెలుతురులో కందకంలోని మొసళ్ళు కూడా పండగ పూట అల్లుళ్ళలా ఒళ్ళు విరుచుకుని పడుకుంటాయి.

ఆ కోట గుమ్మం ముందు ఒక ఉదయం ఇద్దరు మనుషులు వచ్చి నిలబడ్డారు. ముందున్నవాడు కోనప్ప. నలభై రెండేళ్ళవాడు, సన్నటి మనిషి. వంగి పనిచేసి చేసి మెడ ముందుకు వాలిపోయింది. భుజాన కుంచెల సంచి. వెనకున్నవాడు ఆరడుగుల ఎత్తు, ఒంటినిండా మసి, నెత్తిన రంగులు నూరే రాయి. ఆ రాయి కింద అతను మూలుగుతున్న తీరు చూస్తే పుట్టి బుద్ధెరిగాక బరువు మోయడం అదే మొదటిసారని ఎవరికైనా తెలుస్తుంది. అతను హేలాపురి యువరాజు రాజధవళుడు.

వీళ్ళిద్దరూ ఇక్కడికెందుకు వచ్చారో చెప్పుకుందాం. హేలాపురిలో బెత్తెడు ఎత్తు కర్రబొమ్మలకు రంగులు వేయడంలో కోనప్పను మించినవాడు లేడు. పాతకాలపు రాజు గానీ, యుద్ధంలో పడిపోయిన వీరుడు గానీ, కథల్లోని రాక్షసుడు గానీ, అతను రంగు వేశాడంటే ఆ బొమ్మ ఇప్పుడే వీధిలోంచి నడిచి వచ్చినట్టుండేది. ఆ పేరే కొంప ముంచింది. ధూమ్రకేశుడు మంత్రంతో మూడు వందల కర్రబంట్లను చెక్కించుకున్నాడు. జీవబంకలో కలిపిన రంగులు పూసి, నేలమీద నిలబెట్టి 'లే' అంటే అవి నిలువెత్తు మనుషులై లేస్తాయి. ఆ దండుతో హేలాపురిని కొట్టాలని వాడి ఎత్తు. చెక్కడం మంత్రంతో అయింది గానీ రంగు మంత్రంతో కాలేదు. దానికి కన్ను కావాలి, ఓపిక కావాలి. మాంత్రికులకు ఓపిక ఎక్కడిది? ఉంటే మంత్రాలెందుకు, ఏదో ఒక పనే నేర్చుకునేవాళ్ళు.

కోనప్పకు కబురొచ్చింది. అతను రానన్నాడు. రానన్న మూడోనాడు అతని భార్య పేరిందేవి వాగులో నీళ్ళకు వెళ్ళి తిరిగి రాలేదు. ధూమ్రకేశుడు ఆమె ఒంట్లోని రంగులన్నీ పీల్చేసి, బెత్తెడు తెల్లకర్ర బొమ్మను చేసి తన గదిలో అర మీద పెట్టుకున్నాడు. "నా బంట్లకు రంగులు వెయ్యి. వేశాక నీ పెళ్ళాన్నీ, ఆమెకు రంగు వేసుకోవడానికి గవ్వెడు జీవబంకనూ ఇస్తాను" అని తను పెంచుకునే గండకాకి చేత చెప్పించాడు. కోనప్ప ఆ పూటే సంచి సర్దుకున్నాడు. రాజ్యం ముప్పులో ఉందని తెలిసిన యువరాజు, రంగులు నూరే కూలివాడి వేషంలో వెంటబడ్డాడు.

"ఒరేయ్ బుడ్డిగా, రాయి దించు" అన్నాడు కోనప్ప గుమ్మం ముందు.

యువరాజు రాయి దించి, నడుము పట్టుకుని, చెవిలో గొణిగాడు. "కోనప్పా, ఆ నామధేయమును మార్చరాదా?"

"కుదిరిన పేరు, ఉంచుకోండి యువరాజా. ఆ మాటతీరు మాత్రం మార్చండి. నామధేయమంట! కూలోడు అట్టా మాట్లాడితే ఇద్దర్నీ మొసళ్ళకేస్తాడు."

గుమ్మం తలుపు తెరుచుకుంది. తెరిచినవాణ్ణి చూసి యువరాజు రెండడుగులు వెనక్కి వేశాడు. మనిషే, కానీ కనుగుడ్లు రెండూ గుండ్రంగా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. నల్లగుడ్డు చుట్టూ అన్నివైపులా తెలుపే. రెప్పలు లేవు.

"ఏం భయపడకండయ్యా" అన్నాడు కావలివాడు దిగులుగా. "అందరూ ఇట్టాగే అదిరిపోతారు. నన్ను మిడిగుడ్లయ్య అంటారు. మొదట వచ్చిన రంగులాయన నా కళ్ళకు సున్నం దట్టించి, మధ్యలో చుక్క పెట్టి, అయిపోయిందన్నాడు. రెప్పలు వెయ్యడం మరిచాడు. నాలుగేళ్ళయింది, కునుకు లేదు."

లోపల ముంగిట్లో ఆ మొదటి రంగులవాడి చేతిపని ఇంకా తిరుగుతోంది. ఒకడికి ఒళ్ళంతా ఇంగిలీకం ఎరుపు పూశాడట. వాడు ఎప్పుడూ జ్వరంతో కాగుతూ గోడ నీడన పడి ఉన్నాడు. ఒకడికి బుగ్గల నీడలు కాటుకమసితో దిద్దాడట. బుగ్గలకు నిజంగానే బొక్కలు పడి, తాగిన మంచినీళ్ళు అటూ ఇటూ కారిపోతున్నాయి. మరొకడి బల్లేనికి బంగారు రంగు వేశాడు. అది బంగారమే అయింది, దేనికి గుచ్చినా వంగిపోతోంది.

"ఆ రంగులాయన ఏమయ్యాడు?" అని అడిగాడు కోనప్ప.

"అర మీద ఉన్నాడు. తెల్లకర్రై" అన్నాడు మిడిగుడ్లయ్య.

ధూమ్రకేశుడు పులితోలు మీద కూర్చుని వాళ్ళ కోసం చూస్తున్నాడు. జుట్టంతా పొగే. వెంట్రుకల చోట సన్నటి పొగతీగలు మెలికలు తిరుగుతూ పైకి పోతున్నాయి. వాడి ముందు బల్ల మీద మూడు వందల తెల్లకర్ర బంట్లు బారులు తీరి ఉన్నారు.

"ఓరి చిత్రకారాధమా! నా బంట్లు సూర్యబింబముల వలె ధగధగలాడవలెను! కవచములు పసిడివన్నె, వస్త్రములు రక్తవర్ణము, శరీరములు కాటుకకొండలు! కనినంతనే శత్రువు కన్నులు చెదరవలెను!"

కోనప్ప ఒక బొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అట్టాగే వేస్తా సామీ. నాదేం పోయింది? మీ ముంగిట్లో ఇప్పటికే ఒకడు జ్వరంతో పడున్నాడు. వాడికి తోడు మూడు వందల మంది అవుతారు. ఎట్టా పూస్తే అట్టా లేస్తారు. ధగధగలాడేది ఏదీ నిజంగా ఉండదు సామీ. ఇనుము ఇనుములాగే ఉండాలి, మనిషి మనిషిలాగే ఉండాలి."

ధూమ్రకేశుడి జుట్టు కాసేపు సుడులు తిరిగింది. ఆ తర్వాత వాడు ముంగిట్లో బుగ్గల నుంచి నీళ్ళు కారుతున్నవాణ్ణి చూశాడు. "సరే. నిజమైన బంట్లే కావలెను. నఖశిఖపర్యంతము నిజము. పన్నెండు దినములు గడువు. ఒక్కనిలో వంక కనిపించినను నీ భార్యను పొయ్యిలో పెట్టెదను. పొణికి కర్ర, ఇట్టే అంటుకొనును" అన్నాడు.

 కోనప్ప చేతిలోని బొమ్మను జాగ్రత్తగా దాని చోట పెట్టి, బుడ్డిగాణ్ణి రాయి తెమ్మన్నాడు.

పని మొదలైంది. వాళ్ళిద్దరే ఉన్నప్పుడు యువరాజు అడిగాడు. "కోనప్పా, మార్గము సులభము కదా? వీరందరికీ గుడ్డికన్నులు, కుంటికాళ్ళు పూసివేయుము. రాజ్యము రక్షింపబడును."

"వాడేం గుడ్డోడా, చూడకపోవడానికి? రోజూ పొద్దున్నే వచ్చి భూతద్దంతో చూస్తాడు. తప్పు పూస్తే దొరికిపోతాం యువరాజా. ఒప్పే పూద్దాం. పూర్తిగా ఒప్పు."

"అనగా?"

"మీ దండును మీరెప్పుడైనా దగ్గరగా చూశారా? ఏనుగు మీద నుంచి కాదు, నేల మీద నిలబడి."

 కోనప్ప పని చేస్తూ చెప్పుకుపోయాడు. బంటు ఒళ్ళు ఎంత నల్లనిదైనా కాటుక ముట్టకూడదు. జేగురులో చిటికెడు నీలిమందు, కొంచెం గోపిచందనం కలపాలి. నిలువెత్తు మనిషి మీద ఎండ తన నీడ తానే వేసుకుంటుంది. బెత్తెడు బొమ్మ మీద అంత నీడ పడదు, మనమే వేయాలి. వేసేది మసితో కాదు, అదే రంగును ఇంకో పాలు ముదరబెట్టి వేయాలి. మూడు వందల తలపాగాలు ఒకే బానలో అద్దినా మూడు వందల ఎరుపులుంటాయి. ఒకడు ఏట్లో ఉతుక్కుంటాడు, ఒకడు ఉప్పునీళ్ళలో ఉతుక్కుంటాడు, ఒకడు అసలు ఉతకనే ఉతకడు. ఆ చివరివాడి తలపాగాకు కోనప్ప చెమట మరకను కూడా వదల్లేదు. ఉడుతతోక కుంచెను పెదాల మధ్య సాపు చేసుకుంటూ, ఒక్కొక్కడికీ మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ము పూశాడు. వీపున ఆరిన చెమట ఉప్పు గీతలు, డాలు పటకా ఒరుసుకున్న చోట కమిలిన చర్మం, పగిలిన మడమలు, ఎండకు మీసాల కొసలు రాగిరంగుకు తిరగడం, చాలినంత నిద్ర లేక కంటి కొలుకుల్లో ఎర్రజీర, అన్నీ దిద్దాడు.

యువరాజు నూరుతూ నూరుతూ ఆగిపోయి చూసేవాడు. నూరడం మాత్రం అతనికి రాలేదు. అయిదో రోజుకు అరచేతులు బొబ్బలెక్కాయి. కోనప్ప ఆ బొబ్బల రంగు శ్రద్ధగా చూసి ఇద్దరు బంట్ల చేతులకు దించేశాడు.

ధూమ్రకేశుడికి అనుమానం రాకపోలేదు. భూతద్దం తీసి, "వీరేమి, ఇట్లు నలిగియున్నారు?" అని అడిగాడు.

"కొత్త బట్టల దండును చూసి ఎవడు జడుస్తాడు సామీ? నలిగినోడంటే నాలుగు యుద్ధాలు చూసినోడు" అన్నాడు కోనప్ప. ఆ మాట వాడికి నచ్చింది.

అయినా పరీక్ష పెట్టకుండా ఉండలేదు. ఎనిమిదో రోజున చేతికి దొరికిన బంటునొకణ్ణి నేలమీద పెట్టి 'లే' అన్నాడు. బొమ్మ ఒక్క ఉదుటున మనిషై నిలిచింది. దుమ్ముకొట్టుకుని, ఎర్రకళ్ళతో ఉన్న ఆ బంటు చుట్టూ చూసి, ఎదురుగా పొగజుట్టు దొరను చూసి, నిటారుగా నిలబడి దండం పెట్టాడు. పొమ్మన్న చోటికి పోయాడు, ఎక్కమన్న గోడ ఎక్కాడు. ధూమ్రకేశుడు పొంగిపోయాడు. యువరాజు కోనప్పను పక్కకు లాగాడు.

"కోనప్పా! వీడు చెప్పినట్లు వినుచున్నాడే!"

"ఒక్కడే కదా. దొర ముందు ఒంటరిగా నిలబడితే ఎవడైనా వింటాడు. మూడు వందల మందీ కలిసినప్పుడు చూద్దాం" అన్నాడు కోనప్ప. అన్నాడే గానీ ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మిడిగుడ్లయ్య వచ్చి వాళ్ళ గది గుమ్మంలో నిలబడ్డాడు. 

"అయ్యా, తమరి చేతిలో ఆ బంక ఉంది గదా. నాకో రెండు రెప్పలు..."

కోనప్ప అతన్ని పీట మీద కూర్చోబెట్టి, ఒంటి రంగు కలిపి, రెండు కళ్ళ పైనా కిందా రెప్పలు, వాటికి వెంట్రుకలు దిద్దాడు. రంగు ఆరింది. మిడిగుడ్లయ్య ఒకసారి కళ్ళు మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు. "అమ్మయ్య" అని ఆ పీట మీదనే పక్కకు ఒరిగి, నాలుగేళ్ళ నిద్ర ఒక్కసారిగా మొదలుపెట్టాడు.

కోటలో కాపలా కన్ను అదొక్కటే. యువరాజు మసిగుడ్డ నడుముకు చుట్టుకుని ఒక్క పరుగున మాంత్రికుడి బురుజెక్కాడు. మెట్ల పక్క గోడలోంచి పొడుచుకొచ్చిన ఇత్తడి ఏనుగు తొండం కక్కిన నిప్పు అతని వీపు పక్కగా పోయింది. అతను తలుపు సందులోంచి బొటాబొటిగా దూరాడు. అర మీద పదకొండు తెల్లబొమ్మలున్నాయి. చివరిది ఆడమనిషి బొమ్మ, చంకన బిందె పట్టుకున్న తీరులో ఒక చెయ్యి వంగి ఉంది. దాని పక్కన ఖాళీ పీట. పీట మీద గీకి ఉంది: కోనప్ప. ఆ కింద ఒక్కటే ఒక్క గవ్వలో, మైనంతో మూసి, జీవబంక ఉంది. కింద కోనప్ప పనిబల్ల మీద మిగిలిన బంకంతా బంట్లకు సరిపోతుంది. ఈ గవ్వ తప్పితే కోటలో ఇంక బంక లేదు. ఇప్పుడే తీస్తే మాంత్రికుడు పసిగడతాడని యువరాజు దేన్నీ ముట్టుకోకుండా దిగాడు.

"మాట ఇచ్చినవాడు మాట నిలుపుకొనడు. నీకును పీట సిద్ధముగా నున్నది" అని వచ్చి చెప్పాడు యువరాజు.

"తెలుసు. వాడి మాట మీద ఎవడొచ్చాడు? ఆమె ఎక్కడుందో చూడ్డానికొచ్చా" అన్నాడు కోనప్ప.  కుంచె కడుక్కుని మళ్ళీ పనిలో దిగాడు.

పన్నెండో రోజు మిట్టమధ్యాహ్నం. ధూమ్రకేశుడు, పరీక్షకు లేపినవాణ్ణి ఒక పక్కన నిలబెట్టి, మిగిలిన బంట్లను ముంగిట్లో బారులు తీర్చాడు. భేరి మోగించాడు. తొమ్మిది బురుజుల గాజుకప్పులు గణగణలాడేటట్టు అరిచాడు.

"లెండు!"

లేచారు. మూడు వందల మంది, ఒకడికొకడు పోలిక లేకుండా, దుమ్ముతో, చెమటతో, ముతక గొంతులతో ముంగిలి నింపేశారు.

"పదండి! హేలాపురి మీదకి! నేటి సాయంకాలమునకు ఆ నగరము భస్మము కావలెను!"

బంట్లు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ముందు వరసలో నెరిసిన మీసాలవాడు బల్లెం గోడకు ఆనించి, నేలమీద చతికిలబడి, చెప్పులు విప్పుకున్నాడు. "అబ్బా" అని మడమ పట్టుకున్నాడు. అది చూసి పక్కవాడు కూర్చున్నాడు. ఆ పక్కవాడు కూర్చున్నాడు. చూస్తుండగానే గోడ నీడ ఉన్నంత మేరా మనుషులు కూలబడ్డారు.

"నడిచి నడిచి వచ్చాం సామీ. ఇప్పుడే మళ్ళీ నడవమంటే ఎట్టా?" అన్నాడు నెరిసిన మీసాలవాడు. "ముందు మంచినీళ్ళు ఇప్పించండి. అంబలి గానీ ఏమన్నా ఉందా?"

"ఇంతకీ ఎవరితో యుద్ధం?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

"ఎందుకంట?" అన్నాడు ఇంకొకడు.

ధూమ్రకేశుడి జుట్టు నల్లటి మబ్బై లేచింది. ఎదురు చెప్పినవాణ్ణి బూడిద చేస్తానని చెయ్యి ఎత్తాడు. కూర్చున్న మూడు వందల మందీ లేచారు. ఈసారి చెప్పులు వేసుకోలేదు, బల్లేలు మాత్రం తీసుకున్నారు. అలిసిపోయి, ఆకలి మీదున్న మనుషులను బెదిరించడం తెలివైన పని కాదని ఏ దండనాయకుడైనా చెబుతాడు. ధూమ్రకేశుడికి దండనాయకుడు లేడు.

"అదీ!" అని యువరాజు కోనప్ప భుజం చరిచి, నూరుడు రాయి ఎత్తుకుని బురుజు వైపు ఉరికాడు. కోనప్ప కుంచెల సంచి భుజాన వేసుకుని వెనకే పరుగెత్తాడు. ఇత్తడి తొండం నిప్పు కక్కింది. యువరాజు ఆ రాయిని దాని నోట్లో కుక్కాడు. పన్నెండు రోజులు మోసిన రాయి ఒక్కనాడు అక్కరకొచ్చింది. కోనప్ప అర మీది నుంచి చివరి బొమ్మను, గవ్వను తీసి రొమ్ములో దోపుకున్నాడు. వెనక్కి తిరిగేసరికి, బంట్ల చేతిలోంచి తప్పించుకొచ్చిన ధూమ్రకేశుడి అరుపు మెట్ల మీద వినిపించింది. "గండకాకీ! పట్టుము వారిని!"

మెట్లదారి లేదు. కిటికీ ఉంది. కింద కందకం, అందులో మొసళ్ళు. ఇద్దరూ దూకారు. యువరాజు ఒక మొసలి వీపు మీద పడ్డాడు. అది నిద్రలో ఉలిక్కిపడి, ఏం జరిగిందో తెలియక అతన్ని అవతలి గట్టుకు విసిరేసింది. కోనప్ప నీళ్ళలో మునిగి, బొమ్మను గుప్పిట్లో పైకెత్తి పట్టుకుని, గడ్డిపోచలు పట్టుకుని ఎక్కాడు. ఏనుగంత గండకాకి నెత్తి మీదుగా నీడ వేసింది. దాని రెక్క విసురుకు చెట్లు ఒరిగాయి. ఇద్దరూ తుప్పల్లో పడి, లేచి, బండల మధ్య ఒక గుహ కనిపిస్తే అందులో దూరారు. కాకి ముక్కు గుహ నోట్లో పట్టలేదు. అది బయట బండను పొడవడం మొదలుపెట్టింది. పొడిచినప్పుడల్లా ఇంత రాయి రాలుతోంది.

కోనప్ప రొమ్ములోంచి గవ్వ తీశాడు. గవ్వ పగిలి ఉంది. జీవబంక గాలి తగిలి అంచుల్లో గట్టిపడుతోంది.

"ఎంతసేపు నిలుచును?" అన్నాడు యువరాజు.

"ఒక ఘడియ. ఆ తర్వాత రాయవుద్ది. ఇప్పుడు వెయ్యకపోతే ఇంకెప్పుడూ లేవదు."

కోనప్ప సంచి విప్పి, గుహలోకి పడుతున్న వెలుతురుకు ఎదురుగా కూర్చున్నాడు. తడిసిన రంగులను రాతి మీద పిండి, బంకలో కలిపాడు. తెల్లకర్ర పేరిందేవిని ఎడమచేతిలో పట్టుకుని మొదలుపెట్టాడు. ఒంటి రంగు వేశాడు. అది అతనికి తెలుసు, కళ్ళు మూసుకుని కలపగలడు. ఎడమ ముంజేతి దగ్గరకు వచ్చేసరికి కుంచె ఆగింది. అక్కడ ఒక కాలిన మచ్చ ఉండాలి. వాళ్ళ కాపురం మూడో ఏట అతని కోసం లక్క కాస్తూ కాల్చుకుంది. ఆ రోజు ఆమె ఏడవలేదు, లక్క పాడైందని బాధపడింది.

ఆ మచ్చ మళ్ళీ వేయడానికి అతనికి చెయ్యి రాలేదు. నా ఇంట పడ్డ పాట్లు ఇక చాలు, అనుకున్నాడు. ముంజేతిని నున్నగా పూశాడు. కణతల దగ్గరి నెరసిన వెంట్రుకలు వదిలేసి జుట్టంతా నల్లగా వేశాడు. పదహారేళ్ళు అతనికి రంగులు నూరి నూరి నీలి పట్టిన గోళ్ళను లేత గులాబి రంగులో కడిగేశాడు. కనుబొమల మధ్య ముడత తీసేశాడు. వెలిసిన నేత చీర స్థానంలో పసుపు ముంచిన తెల్లచీర, ఎర్ర అంచు వేశాడు. ముఖం దగ్గర అతనికి వెతుక్కోవలసిన పని లేకపోయింది. పెళ్ళిపీటల మీద అడ్డుతెర దించినప్పుడు చూసిన ముఖం ఒక్కటే అతని కళ్ళలో కదిలింది. ఆ బుగ్గలు, ఆ బెదురు, చెంపన చుక్క. చివరి పూత వేసేసరికి గవ్వలో బంక రాయైంది.

అంత మంచి పని అతను జన్మలో చేయలేదు.

బొమ్మను గుహ నేల మీద నిలబెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని పిలిచాడు. "పేరిందా, లే."

ఆమె లేచింది. పసుపు చీరలో, నల్లటి జడతో, పారాణి పాదాలతో, పద్దెనిమిదేళ్ళ పిల్ల. గుహను చూసి, మసి ముఖపు మనిషిని చూసి బెదిరి, గోడకు ఆనుకుంది. తర్వాత, ఉన్న ఇద్దరిలో పెద్దవాడిలా కనిపించిన కోనప్ప వైపు తిరిగింది.

"బాబాయ్, ఎవరండీ మీరు? మా నాన్న ఏడి? నన్నిక్కడికి ఎవరు తెచ్చారు?"

కోనప్ప కుంచెను సంచిలో పెట్టి, సంచి భుజాన వేసుకున్నాడు.

యువరాజు అతని చెవిలో మెల్లగా అన్నాడు. ఆ పన్నెండు రోజుల్లో మొదటిసారిగా మామూలు మాటల్లో అన్నాడు. "కోనప్పా, ముక్కూ ముఖం తెలియని మూడు వందల మందికి మడమల పగుళ్ళతో సహా పూశావు. ఈవిడకెందుకు పూయలేదు?"

"పూయబుద్ధి కాలేదు" అన్నాడు కోనప్ప. "అవన్నీ నావల్ల వచ్చినవే. తీసేద్దామనుకున్నా." గట్టిపడిన గవ్వను కాలితో పక్కకు తోశాడు. "వాటితో పాటు నేనూ పోయాను."

గుహ నోటి దగ్గర పెద్ద బండ విరిగిపడింది. కాకి ముక్కు మూరెడు లోపలికి వచ్చింది. యువరాజు గుహ వెనక వైపు తడిమి చూసి, సన్నటి దారి ఉందని, కింద ఏరు పారుతున్న చప్పుడు వినిపిస్తోందని అరిచాడు. జీవబంక కారే చెట్టు ఆ ఏరు పుట్టిన చోటే ఉందని మిడిగుడ్లయ్య ఒకసారి చెప్పాడని కూడా అన్నాడు.

"పద తల్లీ, దిగాలి" అని కోనప్ప చెయ్యి చాచాడు.

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "మిమ్మల్ని నేనెరగను. నేను పెళ్ళిపీటల మీద ఉన్నాను బాబాయ్, ఇంకా తెరైనా దించలేదు. హేలాపురిలో బొమ్మలకు రంగులేసే అతనితో నా పెళ్ళి. ముక్కూ ముఖం తెలియని మగవాళ్ళతో వెళ్ళానంటే ఆయనేమనుకుంటాడు?"

"ఏమీ అనుకోడు."

"మీకు తెలుసా ఆయన?"

"తెలుసు."

ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. కాకి మళ్ళీ పొడిచింది. రాళ్ళు రాలాయి. ఆమె అతని చెయ్యి పట్టుకోలేదు గానీ, అతని భుజాన వేలాడుతున్న కుంచెల సంచి కొసను గట్టిగా పట్టుకుంది. ముగ్గురూ ఆ సన్నటి దారిలో చీకట్లోకి దిగారు. నాలుగడుగులు వేశాక వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"మంచివాడేనా బాబాయ్ ఆయన?"

"పని బాగా వచ్చు" అన్నాడు కోనప్ప, ముందుకే చూస్తూ. "ఇంట్లో ఉన్నదాన్ని చూడ్డం రాదు. నేర్చుకుంటాడులే."

అతని కాలి కింద రాయి జారింది. సంచి పట్టుకున్న ఆమె కూడా జారింది. ఆ వెనకే యువరాజు జారాడు. ముగ్గురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ, హోరెత్తుతున్న ఆ ఏటి నీళ్ళలోకి వెళ్ళి పడ్డారు.